కానీ అనకూడని మధ్యాహ్నం

మా మామయ్యను బజారంతా ‘కానీ మాస్టారు’ అంటుంది. వెక్కిరింపుగా మొదలైన పేరు, పోనుపోను మర్యాదైపోయింది. కోటు కుట్టించుకోవడానికి ఎవరైనా గుడ్డ పట్టుకొచ్చి, ఇలా ఉండాలి, అలా ఉండాలి అని చెబితే, ఆయన అంతా ఓపిగ్గా విని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, “బాగానే ఉంది బాబూ, కానీ...” అనేవారు. ఇక వచ్చినవాళ్ల ఆట కట్టు. జేబు ఎక్కడుండాలో, కాలరు ఎంత వెడల్పుండాలో, అసలు ఆ రంగు వాళ్లకు నప్పుతుందో లేదో, అన్నీ ఆయనే తేల్చేవారు. గొణుక్కుంటూ వెళ్లినవాళ్లే కోటు తొడుక్కుని అద్దంలో చూసుకున్నాక నవ్వుకుంటూ పోయేవారు.

అలాంటి మనిషికి కిందటి చలికాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు ఒక్క మాట మాత్రం తిరిగొచ్చింది. ఏ మాటో వేరే చెప్పాలా? “కా...నీ.” నాలుక మొద్దుబారి, ఎప్పుడు అన్నా ఒకే తీరున, సాగుతూ వచ్చేది. బాగా అలవాటైన మాట ఒక్కోసారి అలా మిగిలిపోతుందని డాక్టరుగారు చెప్పారు. “అన్నీ పట్టుకుపోయి ఈ ఒక్కదాన్నీ వదిలేశాడే ఆ దేవుడు!” అని మా అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది.

నేను ఆ ఇంటి కోడలిని. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. నీటిచుక్క పడితే చాలు సుయ్‌మంటానని మా మరిది నాకు ‘పెనం’ అని పేరు పెట్టాడు. ఈ ఇంటికొచ్చేనాటికి నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మామయ్యే నన్ను కటింగ్ బల్ల పక్కన నిలబెట్టుకుని నేర్పారు. నేర్పడమంటే పాఠాలు చెప్పడం కాదు. సుద్ద చేతికిచ్చి గీత గీయించేవారు, తప్పయితే అరచేత్తో తుడిచేసి మళ్లీ గీయించేవారు. నా పని గీయడం వరకే. కత్తెర ఆయనది. “సుద్దగీత తుడుచుకోవచ్చమ్మా, కోసిన గుడ్డని తుడుచుకోలేం. దానికింకా టైముంది,” అనేవారు. ఆ టైము రాకుండానే ఆయన చెయ్యి పడిపోయింది.

తరువాత నేను అడగలేదనుకునేరు. పగటిపూట ఆయన్ని షాపులోకి తీసుకొచ్చి, బల్ల పక్కన తన కుర్చీలోనే కూర్చోబెట్టేవాళ్లం. ఎవరూ లేకుండా చూసి, పని ఆగినప్పటి నుంచి బల్ల మీద, కత్తెర మీద కప్పి ఉంచిన గుడ్డ కాస్త తొలగించి, “మామయ్యా, నేను కోయనా?” అని అడిగేదాన్ని. ఆయన కళ్లనిండా నీళ్లు తెచ్చుకుని “కా...నీ” అనేవారు. నేను గుడ్డ మళ్లీ కప్పేసి వెళ్లిపోయేదాన్ని. ఒకసారైతే ఎడమచేత్తో కత్తెరను గట్టిగా తోసేశారు. అది బల్ల మీంచి జారి ఠంగుమని కింద పడింది. నా మీద అంత కోపమా అనుకుని, దాన్ని తుడిచి, ఉన్నచోటే పెట్టి, మళ్లీ గుడ్డ కప్పేశాను.

కోసేవాళ్లు లేకపోతే కుట్టేవాళ్లకు పనేముంటుంది? మా ఆయన మిషను మీద కూర్చుంటే తిరుగులేదు, కత్తెర పట్టుకుంటే మాత్రం చెమటలు పట్టేస్తాయి. బయట కోయించి తెస్తే కోటు భుజం ఒకటి పైకీ ఒకటి కిందికీ వచ్చింది. వచ్చేవాళ్లు తగ్గారు. చివరికి మా ఆయన, షాపు ఎవరికైనా అప్పగించేసి, తను ఫ్యాక్టరీలో మిషను పనికి వెళ్తానన్నాడు. పక్క షాపతను అడుగుతున్నాడట, సోమవారం మాట చెప్పాలట. షాపు పోతే బతకలేమా ఏమిటి, ఎలాగోలా బతుకుతాం. మరి మామయ్య కుర్చీ ఎక్కడ వేస్తాం? ఆ బల్ల పక్కన కూర్చుంటేనే ఆ మొహంలో కాస్త కళ ఉంటుంది.

సరిగ్గా అప్పుడు మా మరిది ఊడిపడ్డాడు. వాడు ఏదో ఆఫీసులో పనిచేస్తాడు, నెలకోసారి ట్రైనింగులంటూ తిరుగుతాడు.

“ఎవరికి వాళ్లు ఏడిస్తే ఏం తేలదన్నయ్యా. ఆదివారం అందరం కూర్చుని బ్రెయిన్ స్టార్మింగ్ చేద్దాం. నేను నడిపిస్తా.”

“స్టార్మ్ అంటే గాలివాన కదరా?” అంది అత్తయ్య. “ఒక్క మెదడుకొచ్చిన గాలివాన చాలదా ఈ ఇంటికి?”

ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి, బల్ల చుట్టూ స్టూళ్లు వేసుకుని కూర్చున్నాం. నేను, మా ఆయన, అత్తయ్య, మరిది, మా కాజాలక్క. కాజాలు, బొత్తాలు చూసే ఆవిడ, నాకన్నా ముందునుంచీ ఆ షాపులో ఉంది. మామయ్య తన కుర్చీలో ఉన్నారు. మరిది స్కేలుబద్ద చేత్తో పట్టుకుని బడిపంతులులా నిలబడ్డాడు.

“ఎంత పిచ్చి ఆలోచనైనా చెప్పొచ్చు, ఎవరూ వెక్కిరించకూడదు. అది మంచిదా, చెడ్డదా అని ఇప్పుడే తేల్చకూడదు. ముందు కుప్ప పోద్దాం, తరవాత ఏరుకుందాం. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ కానీ అనకూడదు. కానీ అన్నారా, ఆలోచన అక్కడికక్కడే చస్తుంది. అన్నవాళ్లు లేచి అందరికీ టీ పెట్టాలి.”

“బాగానే ఉంది కానీ, పాలు...” అంది అత్తయ్య.

“అమ్మా! టీ!”

“ఇంకా మొదలే పెట్టలేదు కదరా సన్నాసీ!”

ఒక్కొక్కరు ఒక్కో ఆలోచన చెప్పాలి, వాడు దాన్ని గుడ్డముక్క మీద సుద్దతో రాసి, ట్రయల్ గది తెరకు గుండుసూదితో గుచ్చాలి. అదీ పద్ధతి. ముందు మా ఆయన తలొంచుకుని, “షాపు ఇచ్చేద్దాం,” అన్నాడు. నేను “కా...” అనబోయి నాలుక కరుచుకున్నాను. మరిది నా వంక చూసి స్కేలుబద్ద ఊపాడు. కొత్తబట్టలు మానేసి చిరుగులూ జిప్పులూ చూసుకుందామంది కాజాలక్క. ఎక్కడో కొలతలు పంపిస్తే యంత్రాలు గుడ్డ కోసి ఇస్తాయట, అలా తెప్పిద్దామన్నాడు మరిది. దానికి మా ఆయన నోరు తెరిచి, వచ్చినదాన్ని మింగేసి, “అయితే...” అన్నాడు.

“అయితే అంటే కానీకి పిన్ని కూతురే. కుదరదు,” అన్నాడు మరిది.

చెప్పొద్దూ, నాకే నవ్వొచ్చింది. ఆ ఒక్కమాట లేకపోతే మా ఇంట్లో మాటలే సాగవని అప్పుడే తెలిసింది. అత్తయ్య తన వంతుకు, ఎవరైనా కటింగ్ మాస్టారుని పిలిచి పెట్టుకుందామంది. తెరంతా గుడ్డముక్కలతో నిండుతోంది. మామయ్య ఒక్కొక్కదాన్నీ చూస్తున్నారు. ఒక్కదానికీ కిక్కురుమనలేదు.

నా వంతు వచ్చింది.

“చెప్పు పెనం వదినా, ఎంత పిచ్చిదైనా పర్లేదు.”

“నేను కోస్తాను,” అన్నాను.

“కా...నీ,” అన్నారు మామయ్య.

మరిది తేలిక చేద్దామని, “నాన్నా, రూలు రూలే! టీ నువ్వే పెట్టాలి,” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు సర్రుమంది.

“షాపు ఇచ్చేద్దామన్నా ఊరుకున్నారు. చిరుగులు కుట్టుకుందామన్నా ఊరుకున్నారు. ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి మీ బల్ల దగ్గర నిలబెడతామన్నా ఊరుకున్నారు. నా దగ్గరికొచ్చేసరికే కానీ వచ్చిందా మామయ్యా? అంత చేతకానిదాన్నా నేను? ఆ టీ ఏదో నేనే పెడతాలెండి, మీ అందరికీ!”

విసురుగా వెనకగదిలోకి వెళ్లి స్టవ్ వెలిగించాను. పాలు పొంగితే మంట తగ్గించాను. నా కళ్లు పొంగితే తగ్గించే దారి కనబడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని గ్లాసులు సర్దుకుని వచ్చేసరికి ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. మామయ్య మాత్రం నన్నే చూస్తున్నారు. నేను చూపు తిప్పుకున్నాను.

మరిది గొంతు సవరించుకున్నాడు. “ఇంకో పద్ధతి ఉంది. కుట్టు ఎక్కడ తప్పిందో తెలియనప్పుడు చొక్కా తిరగేసి చూస్తారు కదా? అలాగే ప్రశ్నని తిరగేద్దాం. ఈ షాపు తొందరగా మూతపడాలంటే ఏం చెయ్యాలి?”

“ఇదెక్కడి దిక్కుమాలిన ప్రశ్నరా!” అంది అత్తయ్య, అంటూనే మూతి మీద నవ్వు. “వచ్చినవాళ్లందరినీ గుమ్మంలోనే, అయ్యో ఎంత లావైపోయారండీ అని పలకరిద్దాం.”

“బొత్తాలు ముందూ కాజాలు వీపు మీదా పెడదాం,” అంది కాజాలక్క.

“ప్యాంటుకి మూడు కాళ్లు!” అన్నాడు మా ఆయన. చాలా రోజులకు ఆయన నవ్వు విన్నాను. మామయ్య కూడా సగం మూతితో నవ్వుతున్నారు, భుజాలు కదులుతున్నాయి. నాకు మాత్రం ఇంకా మంట చల్లారలేదు.

“ఇంత ఆలోచనెందుకు?” అన్నాను. “ఈ బల్ల మీద గుడ్డ ఇలాగే కప్పి ఉంచండి. నేనింక జన్మలో కత్తెర ముట్టుకోను. దెబ్బకి మూతపడుతుంది.”

ధన్‌మని చప్పుడైంది. టీ గ్లాసులు ఎగిరిపడ్డాయి. మామయ్య ఎడమచేత్తో బల్ల బాదుతున్నారు. తల అడ్డంగా ఊపుతున్నారు. “ఊఁహూఁ... ఊఁహూఁ...” తప్ప నోట మాట లేదు. మొహం ఎర్రబడిపోయింది. మా ఆయన కంగారుగా వెళ్లి ఆయన భుజం పట్టుకున్నాడు.

“ఆగండర్రా,” అంది అత్తయ్య. ఆవిడ మామయ్యనే చూస్తోంది. “వద్దనడానికి బల్ల బాదుతున్నారేం ఈయన? అంత వద్దనుకుంటే కానీ అనొచ్చుగా?” తరువాత నావైపు తిరిగింది. “ఇందాక నువ్వు కోస్తానంటే ఏమన్నారే?”

“విన్నారుగా. కానీ అన్నారు.”

“ఏ కానీ?”

“ఏ కానీ ఏంటత్తయ్యా? బజారంతా ఎరిగిన కానీయే.”

“బజారుకి ఒక్కటే తెలుసు. నాకు రెండు తెలుసు. పెళ్లయిన కొత్తలో, అలా బయటికెళ్లొద్దామా అని నేనడిగితే, చెప్పులేసుకుంటూ ‘ఊఁ, కానీ’ అనేవారు. నీకు సుద్ద చేతికిచ్చేటప్పుడు ఏమనేవారే? గుర్తులేదూ?”

గుర్తొచ్చింది. అయ్యో, గుర్తొచ్చింది! సుద్ద నా వేళ్ల మధ్య పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని “కానీ” అనేవారు. మొదలుపెట్టమని. భయపడకు, నేనున్నానని. పొట్టిగా, ఠక్కున వచ్చే మాట అది. బజారు కానీ సాగుతూ ఉంటుంది. మొద్దుబారిన నాలుక ఆ రెంటినీ కలిపి ఒకటి చేసేసింది. ఆయన పేరే కానీ మాస్టారైపోవడంతో మేమందరం ఒక్కదాన్నే వింటూ వచ్చాం.

ఆయన కుర్చీ ముందు కింద కూలబడ్డాను. “మామయ్యా, కోయనా?”

“కా...నీ.”

ఎడమచేత్తో బల్ల మీది గుడ్డ లాగేసి, కత్తెరను నావైపు తోశారు. ఈసారి కింద పడనివ్వలేదు. రెండు చేతులతో పట్టుకున్నాను.

ఎన్నిసార్లు అడిగానో అన్నిసార్లూ సరేనన్నారు. ఆయన రమ్మంటుంటే పొమ్మంటున్నారనుకుని, ప్రతిసారీ గుడ్డ కప్పేసి వెళ్లిపోయాను. ఆ ఒక్కమాటతో ఇంకెలా చెబుతారు పాపం? తీసుకోమని కత్తెర కూడా నావైపు తోసి చూశారు. ఆయన మోకాళ్ల మీద తలపెట్టి భోరుమన్నాను. ఎడమచెయ్యి వచ్చి నా తల మీద పడింది, బరువుగా. నా వెనక అత్తయ్య ముక్కు చీదింది. మరిది ఇంకా స్కేలుబద్ద పట్టుకునే, కళ్లు తుడుచుకుంటున్నాడు.

మా ఆయన లేచి బీరువాలోంచి బూడిదరంగు కోటుగుడ్డ తీసుకొచ్చి బల్ల మీద పరిచాడు. తనకోసం ఎప్పటినుంచో దాచుకున్నది.

“నాదే కొయ్యి,” అన్నాడు. “పాడైనా పర్లేదు.”

“పాడవదు,” అన్నాను. “సోమవారం ఆ పక్క షాపతనికి జవాబు నేను చెప్తాలే, నువ్వు వెళ్లకు.”

టేపు పెట్టి కొలిచాను. సుద్ద తీసుకుని వీపు గీశాను, భుజం గీశాను, చంక దగ్గర వంపు తిప్పాను. కత్తెర అందుకున్నాను.

“కా...నీ,” అన్నారు మామయ్య.

“ఇది ఏ కానీ వదినా?” అన్నాడు మరిది గుసగుసగా.

నేను గుడ్డ వంక చూడలేదు, ఆయన మొహం చూశాను. ఎడమచేత్తో తంటాలు పడుతూ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటున్నారు. ఇన్ని నెలల్లో ఆ కళ్లజోడు ఒక్కసారి కూడా నుదుటి మీదికి వెళ్లలేదని అప్పుడు తట్టింది నాకు.

“ఇది బజారుది,” అన్నాను.

వంగి చూస్తే చంక లోతు నిజంగానే ఎక్కువైంది. ఆ గీత అరచేత్తో తుడిచేసి, కాస్త పైకి తెచ్చి మళ్లీ గీశాను. ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకున్నారు. కుర్చీలో వెనక్కి జారబడి, పనిచేసే చేత్తో పనిచెయ్యని చేతిని పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. చేతులు కట్టుకోవడానికి ఇప్పుడు ఆయనకు వీలయ్యేది అంతే.

“కా...నీ.”

కోశాను.