ముగ్గురికి ఒక బల్ల

ఆదివారం మధ్యాహ్నం ఆ మెక్సికన్ రెస్టారెంటుకి డ్రైవరమ్మ అందరికంటే ముందే చేరింది. ఇరవై ఏళ్లుగా సిటీబస్సు నడుపుతున్న మనిషి. ఎక్కడికైనా ఐదు నిమిషాలు ముందుండడం ఆమెకి అలవాటు. పైగా ఈ రోజు ఎవరు ఎక్కడ కూర్చోవాలో తేల్చాల్సింది తనే. మట్టిరంగు గోడలు, తలమీదికి వేలాడే బుట్టల్లాంటి దీపాలు, అద్దం వెనక అందరికీ కనబడేలా వంటగది. అన్నీ ఒకసారి కలియజూసి మూలనున్న బల్ల ఎంచుకుంది. దానికి ఒకవైపు గోడకి ఆనించిన సోఫా, రెండోవైపు ఒక కుర్చీ. సోఫాలో లోపలికి జరిగి కూర్చున్నవాళ్లు బయటికి రావాలంటే పక్కవాళ్లు లేవాలి. ఆమెకి కావలసింది అదే.

ఆమె పిలిచింది ఇద్దరిని. రెండోవాళ్లు కూడా వస్తున్నారని ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.

చదువుకునే రోజుల్లో ముగ్గురూ ఒకే హాస్టలు గదిలో మూడేళ్లు ఉన్నారు. ఒకామె ఇప్పుడు టైలరు, సొంత కొట్టుంది. ఇంకొకామె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. వాళ్లకి కత్తెర, సూది అని పేర్లు పెట్టింది డ్రైవరమ్మే. వాళ్లేమన్నా ఊరుకున్నారా, ఆమెకి స్టీరింగని పెట్టారు. అలాంటి కత్తెరకీ సూదికీ పద్నాలుగు నెలలుగా మాటల్లేవు. కత్తెర వాళ్లమ్మ రక్తపరీక్ష సూది పనిచేసే చోటే జరిగింది. పెద్ద జబ్బే బయటపడింది. సూదికి ఆ సంగతి మొదటి రోజే తెలుసు. కత్తెరకి మాత్రం నాలుగో రోజున, ప్రయాణం నుంచి తిరిగొచ్చిన డాక్టరు చెబితే తెలిసింది. ఆ సాయంత్రమే సూదికి ఫోన్ చేసి, ఇక నాతో మాట్లాడొద్దని చెప్పి పెట్టేసింది.

అప్పటినుంచి డ్రైవరమ్మ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ముగ్గురూ కలిసి చేసుకోవాల్సిన పుట్టినరోజులు రెండేసిసార్లు చేసుకోవాలి. ఒకే సినిమా ఒకసారి ఆమెతో, ఇంకోసారి ఈమెతో చూడాలి. ఒకరి దగ్గర రెండోవాళ్ల పేరు నోరుజారి అందంటే ఇక ఆ పూటంతా పుల్లవిరుపు మాటలే. యాభై మంది ప్రయాణికులని కిక్కురుమనకుండా కూర్చోబెట్టే దాన్ని, ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టలేనా అనుకుంది. అనుకున్నాక ఆమెకి ఇక అనుమానమన్నదే లేదు.

కత్తెర ముందొచ్చింది. డ్రైవరమ్మ ఆమెని గోడవైపుకి జరిపి తను పక్కన స్థిరపడింది. కాసేపటికి సూది వచ్చింది. బల్ల దాకా వచ్చాకగానీ సోఫాలో ఎవరున్నారో చూసుకోలేదు. చూసి, కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడిపోయింది.

"కూర్చోవే, ఆకలేస్తోంది," అంది డ్రైవరమ్మ, మెనూలోంచి తలెత్తకుండా.

"ఈవిడ వస్తుందని నాకు చెప్పలేదు," అంది కత్తెర.

"చెబితే వచ్చేదానివా?"

కత్తెర లేవబోయింది. డ్రైవరమ్మ అంగుళం కూడా కదల్లేదు. బల్లమీంచి దూకి పోయే వయసు కాదు ముగ్గురిదీ. కత్తెర మొహం గంటుపెట్టుకుని మళ్లీ కూలబడింది. సూది కూడా కుర్చీ అంచున, వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుంది.

గుబురుమీసాల సర్వరు వచ్చి, ఇక్కడ ఎవరి పళ్లెం వాళ్లకి రాదని, అన్నీ మధ్యలో పెడతామని, ముగ్గురూ పంచుకు తినాలని చెప్పాడు. డ్రైవరమ్మ ఆ సంగతి ముందే కనుక్కుని ఉంది కాబట్టి అమాయకంగా తలూపింది. అతను నల్లరాతి రోలు తెచ్చి, వాళ్ల కళ్లముందే అవకాడో, ఉల్లిపాయ, కొత్తిమీర వేసి నూరాడు. ఆ వెనకే గుడ్డలో చుట్టిన వేడివేడి మొక్కజొన్న రొట్టెలు, కాల్చిన చేప, పుట్టగొడుగులు, మూడు రంగుల పచ్చళ్లు, చాక్లెట్ వేసి ఉడికించిన ముదురు గోధుమరంగు పులుసులో కోడి వచ్చాయి. ఆ కోడి ఏం పాపం చేసిందని చాక్లెట్లో ముంచారో అంది డ్రైవరమ్మ. ఎవరూ నవ్వలేదు.

తిండి మొదలైంది గానీ మాటలన్నీ డ్రైవరమ్మ మీదుగానే నడిచాయి. ఆ ఎర్ర పచ్చడి ఇటివ్వమని చెప్పు అని ఒకరు, చేప ముక్క అయిపోయిందేమో అడుగు అని ఇంకొకరు. ఆమె పదిసార్లు అందించింది. పదకొండోసారి రెండు చేతుల్లోనూ చెరొక టాకో, అదే కూర పెట్టి మడిచిన రొట్టె, పట్టుకుని, నా చేతులు ఖాళీ లేవు, మీరూ మీరూ చూసుకోండి అంది.

రొట్టెల గుడ్డ కోసం కత్తెర, సూది ఒకేసారి చెయ్యి చాపారు. ఒకేసారి వెనక్కి తీసుకున్నారు. అప్పుడు కత్తెర మొదటిసారి సూది కళ్లలోకి చూసింది.

"ఒక్కటే అడుగుతాను. ఆ నాలుగు రోజులూ నువ్వు మామూలుగా ఎలా ఉండగలిగావు?"

సూది మంచినీళ్లు తాగింది. రిపోర్టులో ఏముందో చెప్పాల్సింది డాక్టరేనని, పనిలో చేరిన రోజే తమకి నేర్పే మొదటి పాఠం అదేనని, తెలిసీ తెలియకుండా ఒక ముక్క చెప్పి మనిషిని భయపెట్టడం ఎలాంటిదో తను కళ్లారా చూశానని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఇదంతా డ్రైవరమ్మ వందసార్లు విన్నదే. కత్తెరకీ తెలిసిందే.

"మామూలుగా లేను కూడా," అంది సూది. "రెండోరోజు నీ కొట్టుకొచ్చాను. కోటు పొడవు తగ్గించమని."

కత్తెర బల్లమీదికి వంగింది. "ఆ కోటు నీకు సరిగ్గానే ఉంది. కొలిచి చూశాను. బాగున్న బట్టని కత్తిరించమంటావేమిటా అనుకున్నాను."

"నీకు చెప్పకూడదు. నిన్ను ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. నీ పక్కన కూర్చోవడానికి ఇంకే వంకా దొరకలేదు. నువ్వు కుట్టినంతసేపూ కూర్చున్నాను."

"రెండు గంటలు," అంది కత్తెర. "అంచు నెమ్మదిగా కుట్టు, తొందరేం లేదన్నావు."

పద్నాలుగు నెలల్లో ఇద్దరూ తమ తమ కోపాలన్నీ డ్రైవరమ్మకి చెప్పుకున్నారు గానీ, ఈ కోటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇద్దరినీ కలిపేందుకు రాత్రంతా కూడబలుక్కున్న మాటలు కొన్ని ఆమె దగ్గరున్నాయి. వాటి అవసరం లేదని తెలిసి, ఆమె చేతిలో మిగిలిన టాకో తినసాగింది.

"ఇప్పుడు వేసుకుంటున్నావా దాన్ని?" అని అడిగింది కత్తెర.

"వేసుకుంటున్నాను. మోకాళ్లకి చలి కొడుతోంది."

కత్తెర ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, అయినా నువ్వు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది, అది పోయేలా లేదు అంది.

"పోకపోతే పోనీ. నీ చోట నేనున్నా అంతే," అంది సూది. "కానీ రేపు మళ్లీ అలాంటి రిపోర్టు చేతికొచ్చినా చెప్పను. ఇంకో కోటు తెచ్చుకుని వస్తాను."

"ఈసారి కాస్త పొడుగుది తెచ్చుకో."

కుర్చీ అంచున ఉన్న సూది అప్పుడు వెనక్కి జారగిలబడింది. పులుసు గిన్నె తనవైపుకి లాక్కుని, చాక్లెట్ కోడి బ్రహ్మాండంగా ఉందే, ఇందాకటినుంచీ ఎవరూ ముట్టుకోరేం అంది. గిన్నె అడుగు కనబడేదాకా ముగ్గురూ వదల్లేదు. కత్తెర వాళ్లమ్మ సంగతి సూది భయంభయంగా అడిగింది. వైద్యం పూర్తయిందని, కిందటి నెల పరీక్షల్లో ఏమీ కనబడలేదని, ఇప్పుడు రోజూ పొద్దున్నే నడకకి వెళ్లి దారిలో అందరికీ ఆరోగ్య సలహాలు ఇస్తోందని కత్తెర చెప్పింది. ఆ పరీక్షలు వేరే ల్యాబులో చేయించామని చెబుతున్నప్పుడు మాత్రం కాస్త తల దించుకుంది.

సర్వరు బల్ల తుడుస్తుండగానే కత్తెర అమ్మకి ఫోన్ కలిపింది. ఎవరితో ఉన్నానో చెప్పింది. అటునుంచి వినబడిన గొంతుకి స్పీకరు అక్కర్లేకపోయింది. ఆ పిల్లని ఇంటికి తీసుకురా, ఇప్పుడే, అంది పెద్దావిడ.

మూడు స్టాపుల దూరమే, ముగ్గురూ సిటీబస్సెక్కారు. బస్సు నడిపేది వేరే డ్రైవరు. మలుపు తిప్పిన తీరు చూసి, బ్రేకు ఆలస్యంగా వేస్తున్నాడని డ్రైవరమ్మ దారంతా సణుగుతూనే ఉంది. వెనక సీట్లో ఆ ఇద్దరూ ఆమె మాట వినిపించుకోకుండా ఏదో మాట్లాడుకుంటున్నారు.

పెద్దావిడ తలుపు తీసింది. జుట్టు ఇప్పుడిప్పుడే మళ్లీ ఒత్తుగా వస్తోంది. సూదిని నిలబెట్టి పైనుంచి కిందిదాకా చూసింది.

"చిక్కిపోయావేమే," అంది. "ఏమన్నా తిన్నావా?"

కడుపు పగిలేలా తిన్నామని డ్రైవరమ్మ చెప్పబోయింది. ఈలోగా సూది లేదత్తయ్యా అని చెప్పేసి, చెప్పులు విప్పి, నేరుగా వంటింట్లోకి నడిచింది.