బీడు సంగతి ఇంకా తేలలేదు

తెర మీద, కెన్యాలో ఉన్న నైసూల నోరు కదులుతోంది, మాట మాత్రం వినబడటం లేదు. ఇంగ్లండులో, షెఫీల్డ్ యూనివర్సిటీ హాలు నిండా పెద్దమనుషులు కూర్చుని, ఆ కదిలే నోటిని చూస్తూ బిస్కెట్లు తింటున్నారు. గోడకు ఇంత పొడుగు బ్యానరు: 'ఆఫ్రికాలో పశుపోషణ – ప్రణాళికలో చిన్న రైతుల భాగస్వామ్యం'. భాగస్వామ్యమట! పిలిచి పీట వేసి నోట్లో గుడ్డ కుక్కడాన్ని భాగస్వామ్యం అంటారని ఆ రోజే తెలిసింది.

ఆ మ్యూట్ నొక్కింది మన రిషిత. పాలమూరు పిల్ల. ఇక్కడ మాస్టర్స్ చదువుకుంటూ ఆ ప్రాజెక్టులో పార్ట్‌టైం పని చేస్తోంది. లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి, చెప్పినప్పుడు నొక్కమన్నారు. నొక్కింది. ఇష్టం లేకపోయినా నొక్కింది.

"ఏం చెయ్యమంటావమ్మా, ఇచ్చిన టైమంతా ఆవుల క్షేమం అడగడానికే అయిపోయింది వాళ్లకి," అన్నాడు రఘువీర్. ప్రాజెక్టు మేనేజరు ఆయన. కాకినాడ మనిషి, పిల్లను 'అమ్మా' అనకుండా పలకరించడు.

కెన్యాలో ఆ పశువుల కాపర్ల పద్ధతే అంత. సభలో పెద్దాయన కర్ర పట్టుకుని లేస్తాడు. ముందు ఎదుటివాళ్ల క్షేమం, వాళ్ల పశువుల క్షేమం అడుగుతాడు. అసలు మాట ఆ తర్వాతే. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటకు ఎవరూ అడ్డు రారు. అందరి చేతుల్లోకీ కర్ర వచ్చి పోతే గానీ ఏదీ తేలినట్టు కాదు. అక్కడ బడి గదిలో ఊరంతా కూర్చుంటే, ఇంగ్లీషు వచ్చిన నైసూల వాళ్ల మాటలు ఇక్కడికి చెబుతోంది. ఆవిడ ముసలాయన పలకరింపు చెప్పడం ముగించి 'బీడు' అన్న మాట అందుకుందో లేదో, రఘువీర్ నొక్కమని వేలు చూపించాడు.

సభకు అధ్యక్షుడైన ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "రైతుల నుంచి అభ్యంతరమేదీ వినబడలేదు. రేపు ఖరారు చేద్దాం."

వినబడకుండా చేసి, వినబడలేదట! రిషితకు లేచి అరవాలనిపించింది.

రేపు ఖరారయ్యేది ఏమిటంటే, ఆ ఊళ్ల ఎండాకాలపు బీడుకు కంచె, కాపర్లకు కంపెనీల సంకరజాతి కొత్త ఆవులు. సగం ఏడాది ఆ బీడులో పురుగు కూడా కనబడదు. ఉపగ్రహం ఫొటోలో చూసి, ఇది ఖాళీ నేల, గడ్డి పెంచితే భూగోళానికి మేలు అని రాసేశారు. వానలు తప్పితే ఇంటికి నాలుగేసి ఉన్న ఆవులు బతికేది అక్కడి గడ్డి మీదే, అక్కడి మడుగు నీళ్ల మీదే. రిషిత వాళ్ల నాయన కూడా కరువొస్తే గొర్ల మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయేవాడు. ఖాళీగా ఉన్నదంతా దిక్కులేనిది కాదని ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కారిడార్‌లో రఘువీర్‌ను పట్టుకుంది. "అన్నా, గా బీడు పోతే వాళ్లు ఏం తింటరు? ఒక్క మాట అననియ్యలె మనం."

"నాకు తెలీదా అమ్మా? మా తాతా పాడి రైతే. కానీ డబ్బిచ్చేవాళ్లు రైతులు ఒప్పుకున్నారా అని ఒక్కటే అడుగుతారు. మనం అడిగాం కదా."

"అడిగినం. ఇన్నమా?"

"వీసా మీదొచ్చావు. బుద్ధిగా చదువుకో," అని వెళ్లిపోయాడు. మంచివాడే పాపం, మంచితనం ఉద్యోగం దాటి ఒక్క గడప తొక్కదు.

సాయంత్రం గణేశ్ ఫ్లాట్‌లో కుర్రాళ్లంతా చేరారు. గణేశ్‌ది కరీంనగర్, విద్యార్థి సంఘం అంటే ప్రాణం పెడతాడు. టేకవే డబ్బాలు పక్కకు నెట్టి రైతుల తరఫున నిప్పులు కక్కే ప్రకటన తయారుచేశాడు. కంచె వద్దు, సంకరజాతి ఆవులు వద్దు, కంపెనీలు వద్దు! చప్పట్లు మోగాయి. రిషిత నైసూలకు ఫోన్ కలిపి చదివి వినిపించింది. శభాష్ అంటుందనుకున్నారు అందరూ.

"కొత్త ఆవులు వద్దని మీకెవరు చెప్పారు?" అంది నైసూల. "మాలో కొందరికి కావాలి. మా చెల్లెలికి కావాలి. దాని మీద మాలో మాకే తగాదా ఉంది, అది ఇంకా తేలలేదు. పొద్దున వాళ్లు అడక్కుండా రాశారు. ఇప్పుడు మీరూ అడక్కుండానే రాశారు."

గణేశ్ మొహం కందగడ్డయింది. "మేం మీ దిక్కే కదా!"

"మా దిక్కుంటే మా నోరు మూయకండి. అది చాలు."

గణేశ్ కాసేపు గింజుకున్నాడు. చివరికి ఆ ప్రకటన చింపి డబ్బాల్లో పారేశాడు. "సరే. రేపు మనం మాట్లాడొద్దు. వాళ్ల మాట అయ్యేదాక ఎవల్నీ లేవనియ్యొద్దు."

మర్నాడు రైతులకు ఐదు నిమిషాలన్నారు. ముసలాయన కర్ర పట్టుకుని లేచాడు. "మీ ఇళ్లల్లో అంతా బాగున్నారా? మీ పశువులకు గడ్డి ఉందా?" ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు. రఘువీర్ వేలు చూపించాడు. రిషిత చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"మ్యూట్ చెయ్యమ్మా."

"చెయ్య."

"రిషితా! చెప్పానా, ఆపెయ్!"

"వాళ్ల చేతిల కర్ర ఉన్నది. అది దిగేదాక ఆపేటోళ్లం మనమెవ్వలం?"

రఘువీర్ చరచరా వచ్చి లాప్‌టాప్ నుంచి తెరకు వెళ్లే వైరు పీకేశాడు. తెర నల్లబడింది. హమ్మయ్య అనుకున్నారు పెద్దమనుషులు. అంతలో వెనక వరుసలో గణేశ్, ముందే నైసూలకు కలిపి పెట్టుకున్న ఫోన్ ఎత్తాడు. దాన్లోంచి నైసూల గొంతు! పక్కవాడి ఫోన్‌లోంచీ అదే గొంతు. టీ కప్పులు సర్దే బేబీ ఆంటీ ట్రే కింద పెట్టి, తన ఫోన్‌కూ కలపమని చెయ్యి చాచింది. చూస్తుండగానే హాలు నాలుగు మూలలా నైసూల మాట్లాడుతోంది. ఒక దాన్ని మూస్తే ఇంకోటి. ఎన్నని మూస్తారు?

"మా సభ అవలేదు," అంటోంది నైసూల. "కొత్త ఆవుల సంగతి మేం మాట్లాడుకుంటాం. బీడు మాత్రం మాది. దాన్ని దాచిపెట్టింది మేం, కరువు కోసం. మేం ఒప్పుకున్నామని రాస్తే అది అబద్ధం."

డబ్బిచ్చే సంస్థ తరఫున వచ్చినావిడ ముందు వరుసలోంచి వెనక్కి తిరిగింది. "నిన్న నాకు ఇదేమీ చెప్పలేదే?" అని ప్రొఫెసరును అడిగింది. ఆయన సెక్యూరిటీని పిలిచాడు. జవాబు లేనివాళ్లందరికీ అదొక్కటేగా దారి!

ఇద్దరు గార్డులు వచ్చి రిషిత మెడలో ఐడీ కార్డు తీసుకున్నారు. ప్రాజెక్టులో పని పోయింది. విచారణ ఉంటుందన్నారు, చదువు ఏమవుతుందో చెప్పలేమన్నారు. అమ్మ ముఖం గుర్తొచ్చింది. అయినా ఆ పిల్ల తల దించలేదు. ఆమె లేవగానే కుర్రాళ్లు లేచి బయటికి పోలేదు, తలుపులకు అడ్డంగా కింద కూర్చున్నారు. బేబీ ఆంటీ మోకాళ్లు పట్టుకుని మెల్లగా వాళ్ల పక్కనే కూలబడింది.

"ఇంకా ఎంతమంది మాట్లాడాలమ్మా వాళ్లు?" నెత్తి పట్టుకున్నాడు రఘువీర్.

గార్డు చెయ్యి భుజమ్మీద ఉండగానే రిషిత వెనక్కి తిరిగింది.

"అందరు, అన్నా. అందరు మాట్లాడాలె."