గాజుగోడ బ్యాంకు

…అయినా ఈ గోడలోంచి నీళ్లే కనిపిస్తాయి, ఎప్పుడొచ్చినా అంతే, అనుకున్నాడు గుర్వయ్య. నీళ్లు కావు, గాజు ఇటుకలు. నల్లగొండలో ఇంకే గోడకూ లేవు. బయటి ఎండ వాటిలో దూరి మెత్తబడి, ఆకుపచ్చగా నేల మీద కదులుతుంటే చెరువు అడుగున నిలబడ్డట్టుంది. కేతేపల్లిలో వానలు పడక ఇది రెండో ఏడు. గొర్లను ఇక్కడికి తోలుకొస్తే ఈ నేలను నాకేవి.

మొదటిసారి వచ్చినప్పుడు ఇది బ్యాంకు. వంపు తిరిగిన తెల్లటి గోడ, ఒక్క స్తంభమైనా లేకుండా వీధి మీదికి చాచిన కప్పు. అది నెత్తిన పడుతుందేమోనని గొంగడీ చెప్పులూ బయటే వదిలి, వంగి లోపలికి ఉరికాడు. తర్వాత బ్యాంకు బజారుకు మారింది. ఇక్కడ నందికొండ డ్యాం వాళ్ల ఆఫీసు పెట్టారు. హాలు నడుమ డ్యాం నమూనా, సున్నంతో చేసిన కొండలు, నీలిరంగు పూసిన నీళ్లు. ఆ కొండల్లో తాను గొర్లు మేపిన గుట్టను వెతుకుతూ పొద్దుగూకేదాకా నిలబడిపోయాడు. ఆ పైన కొన్నాళ్లు పావురాలు కాపురమున్నాయి. ఇప్పుడు కరువు ఆఫీసు. పైసలు దాచిన ఇనుప తలుపు గదిలో గడ్డిమోపులు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఆ వాసన హాలంతా తేలుతోంది.

"మామా, నిలవడే నిద్రవోతున్నవా? జర ముందటికి జరుగు," అని వెనక నుంచి ఐలేశం పొడిచాడు. అతనిదీ కేతేపల్లే, అతనివీ గొర్లే.

కిటికీ వెనక గుమస్తా భిక్షం కలం పట్టుకుని ఉన్నాడు. "గుర్వయ్యనా? గొర్లెన్ని?"

"మస్తుగనే ఉన్నయ్ సారూ."

"మస్తు అని రాస్తే ఎవలిస్తరు గడ్డి? లెక్క చెప్పు."

మందకు లెక్క పైకి చెప్పరు. సాయంత్రం ముఖాలు చూసుకుంటారు, ఏ ముఖం లేదో తెలిసిపోతుంది. బ్యాంకు రోజుల్లో అప్పు ఇస్తామని ఇదే కిటికీలోంచి ఇదే మాట అడిగితే, గొంగడి తీసుకుని వెళ్లిపోయాడు. "నోట్ల ముత్యాలున్నయా, తెరిస్తే రాలుతయా?" అని భార్య సుక్కమ్మ నెలరోజులు ఎత్తిపొడిచింది. ఎందుకు చెప్పలేదో ఆమెకూ చెప్పలేదు.

తనకు ఎనిమిదేళ్లప్పుడు చెరువుకట్ట మీద పట్వారీ మంద లెక్క అడిగాడు. బాపు నేల చూపులు చూస్తుంటే, లెక్క వచ్చునన్న గర్వంతో తానే చెప్పేశాడు. నెల తిరగకుండా రోగం వచ్చి సగం మంద పోయింది. బాపు తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రోజుతో తీరిపోయేది. తిట్టలేదు కాబట్టి ఆ రోజు ఇంకా నడుస్తూనే ఉంది.

"నాది రాస్కో సారూ ముందుగాల," ఐలేశం భుజం మీదుగా తల పెట్టాడు. "నూట ఇరవై."

"పోయిన వారం ఎనభై అంటివి?"

"గడ్డి వాసనకు ఈనినయ్ సారూ."

వరుసంతా నవ్వింది. భిక్షం కూడా నవ్వి, "రేపు మనిషి వచ్చి చూస్తడు. దొంగలెక్కయితే చీటి చింపుత," అన్నాడు. గుర్వయ్య వైపు తిరిగాడు. "పెద్దాయనా, చెప్తవా, పక్కకు జరుగుతవా? మళ్ల గడ్డి ఇచ్చేది పై సోమారమే."

పై సోమారం. పొద్దున బోడిగొర్రె లేవలేదు. మెడ కింద చేయి పెట్టి లేపితే తల చేతిలోనే వాలిపోయింది.

గాజు వెలుగు కదిలింది. అందులో చిన్నప్పటి గొర్లు ఈదుతున్నట్టు, ఒక్కోటి తలెత్తి తనను చూసి సాగిపోతున్నట్టు అనిపించింది. వాటి ముఖాల్లో కోపం లేదు. లెక్కపెట్టకూడదని ఎన్నేళ్లు కళ్లు తిప్పుకున్నా, అంకె లోపల తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉండేది. ఈ ఎండాకాలమంతా తగ్గుతూనే ఉంది. నాలుక మీదికి రానివ్వలేదు, అయినా తగ్గింది. నిన్న ఒకటి. ఇవాళ ఒకటి.

"నర్సింగమ్మా, నువ్వు రా," అని భిక్షం వెనకున్నామెను పిలిచాడు.

గుర్వయ్య జరగలేదు. కిటికీ చట్టానికి చేయి ఆనించి, భిక్షానికి మాత్రమే వినపడేంత మెల్లగా, "నలభై ఏడు," అన్నాడు.