నాయనమ్మ కునుకు పట్టిక

మా పాస్టరు యేసుపాదం అయ్యగారు మంచివారే. ఆపడం ఒక్కటే చేతకాదు. ఒక ఆదివారం ప్రసంగం గంట దాటాక మా నాయనమ్మ కోటిరత్నం ముందు వరసలో, ఫ్యాను కింద గుర్రు పెట్టింది. అయ్యగారు మైకులోనే అనేశారు: "నిద్రపోయేవాళ్లు వచ్చే వారం నుంచి వెనక గుమ్మం దగ్గర కూర్చోండి."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నాయనమ్మ ఆరు రోజులూ మిరపకాయలు కోస్తుంది. ఆ చేతుల మంట చల్లారేది ఆ ఫ్యాను కిందే. మా ఇంట్లోనూ ఫ్యాను ఉంది గానీ, అది తిరుగుతోందో ఆలోచిస్తోందో తెలియదు.

"ఇక చర్చికి రానే. నలుగుర్లో తల తీసేసినట్టయింది," అంది నాయనమ్మ.

నా దగ్గర సాక్ష్యం ఉంది. చర్చిలో బైబిలు వాక్యాలు రాసుకోమని ఇచ్చిన నోటుపుస్తకంలో నేను రాసుకునేది ప్రసంగం ఎన్ని నిమిషాలో, ఎవరెవరు కునికారో. ఆరు వారాలది మా ఐదో తరగతి శాంతి టీచరుకు చూపించాను.

"ఏంటే క్రిస్టీనా, అంతా ఉప్మాలా కలిపేశావ్! పట్టిక గియ్యి. ఒక్కో ఆదివారానికి ఒక అడ్డు వరుస, ఒక్కో ప్రశ్నకి ఒక నిలువు వరుస. ప్రశ్న పైన, జవాబు గడిలో. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు, అందరి కళ్లూ దానిమీదే పడతాయి," అన్నారావిడ.

గీశాను. ఏ ఆదివారం, ఎన్ని నిమిషాలు, నాయనమ్మ కునికిందా, ఇంకెవరు కునికారు. పేజీల్లో కనపడనిది, నిలువుగా వేలు పెట్టి దిగితే కనపడింది. అరగంటలోపు ముగిసిన ఏ ఆదివారమూ నాయనమ్మ కునకలేదు!

నాయనమ్మకి చదివి వినిపించి, బతిమాలి, తర్వాతి ఆదివారం లాక్కెళ్లాను. గుమ్మం దగ్గరే కూలబడింది. ప్రసంగానికి ముందు పిల్లల్ని పిలిచినప్పుడు కాగితం అయ్యగారి చేతిలో పెట్టాను. పైన 'ఆరు ఆదివారాలు' అని ఉండటం చూసి, తన ప్రసంగాలు రాసుకున్నాననుకుని ఆయన పొంగిపోయారు. వెంటనే మైకు అందుకున్నారు.

"మొదటి ఆదివారం, ఇరవై ఐదు నిమిషాలు, నాయనమ్మ కునకలేదు, ఇంకెవరూ కునకలేదు. రెండో ఆదివారం, యాభై ఐదు..."

ఆయన గొంతు తగ్గుతోంది, జనం నవ్వు పెరుగుతోంది. ఐదో ఆదివారం ఒంగోలు నుంచి వచ్చిన పెద్ద పాస్టరుగారు మాట్లాడారు. ఆ రోజు మా అయ్యగారు ఆయన వెనక కుర్చీలో కూర్చున్నారు.

"డెబ్భై నిమిషాలు, నాయనమ్మ కునికింది, ఇంకెవరు..." అని ఆగిపోయారు.

"చదవండయ్యగారూ," అంది గుమ్మం దగ్గర నుంచి నాయనమ్మ. "గడి ఖాళీగా వదలకూడదంట."

అయ్యగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"నేను," అన్నారు.

చర్చంతా గొల్లున నవ్వింది. నవ్వులు ఆగాక, "తప్పయింది కోటిరత్నమ్మా. ముందుకొచ్చి కూర్చోండి," అన్నారు. నాయనమ్మ వచ్చి, ఫ్యాను కింద రెండు అరచేతులూ విప్పి ఒళ్లో పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ రోజు ప్రసంగం ఇరవై రెండు నిమిషాలు. ఇంటికొచ్చి ఏడో వరుస గీసి, చివరి గడిలో 'ఎవరూ లేరు' అని రాయబోయాను. నాయనమ్మ నా వైపు అదోలా చూసింది. ప్రసంగం మధ్యలో నన్ను గిల్లి లేపింది ఆవిడే మరి.

'నేను' అని రాశాను.