పేరు జపాన్‌ది, పుట్టుక థాయ్‌లాండ్‌ది

నేను ఒక కెమెరాను. కంపెనీ జపాన్‌దే గానీ, నేను పుట్టింది థాయ్‌లాండ్‌లో. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒకావిడ నన్ను బిగించింది. ఇంకొకావిడ అటూ ఇటూ తిప్పి, సవాలక్ష పరీక్షలు పెట్టి, చివరికి సరేనంది. ఇందులో దాచుకోవలసింది ఏదో ఉందని హైదరాబాదు వచ్చాకే నాకు తెలిసింది.

నన్ను కొన్నవాడు కూకట్‌పల్లిలో చిన్న స్టూడియో పెట్టుకున్న సత్తిపండు. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజులు తప్ప పెద్ద పని ఎరగడు. అలాంటివాడికి పూతరేకుల వ్యాపారి వీర్రాజుగారి కూతురి పెళ్లి దొరికింది. అది బాగా కుదిరితే నాలుగు పెళ్లిళ్లు వస్తాయి, చెడితే స్టూడియో మూసుకోవడమే. వీర్రాజుగారు పెట్టిన షరతు ఒక్కటే.

"కెమెరా జపాన్‌లో చేసిందై ఉండాలోయ్!"

"జపానేనండి" అనేశాడు మావాడు తడుముకోకుండా. ఆ సాయంత్రమే నా అడుగున, దేశం పేరు మీద నల్లటేపు అంటించాడు. నాకు ఒళ్లు మండింది.

పెళ్లిపందిట్లో బ్యాటరీ మారుస్తుంటే ఆ టేపు కాస్తా ఊడింది. పక్కనే నిలబడ్డ పెళ్లికూతురి బాబాయి వంగి చదివాడు. "అన్నయ్యా, ఇది థాయ్‌లాండ్ సరుకు!"

వీర్రాజుగారి మొహం కందగడ్డలా అయింది. "నాతోనే అబద్ధమా? సర్దుకుని వెళ్లు. ఇంకొకణ్ణి పిలిపిస్తాను."

"తప్పయిపోయిందండి" అంటూ సత్తిపండు నన్ను సంచిలో పెట్టబోయాడు.

అప్పుడు పెళ్లికూతురి తల్లి మంగతాయారుగారు అందుకున్నారు. "ఏవండీ, ఆత్రేయపురం పేరుతో అమ్మే మన పూతరేకులు అక్కడే చేయిస్తున్నామా? మీ అమ్మగారు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పి, ప్రతి రేకూ చూసి సరేనంటేనే కదా అమ్ముతున్నాం! మొన్న ఎవరో కూకట్‌పల్లి రేకులా అని పెదవి విరిస్తే, ఊరు కాదు, చెయ్యి చూడమని పోట్లాడలేదూ మీరు?"

వీర్రాజుగారు సత్తిపండు వైపు తిరిగారు. గొంతు తగ్గించి, "నిజం చెబితే పని ఇవ్వననుకున్నావా?" అని అడిగారు.

"ఇవ్వరనే అనుకున్నానండి."

"ఇచ్చేవాణ్ణి కాదులే!" అని ఆయన ఒప్పేసుకుని పకపకా నవ్వారు.

సత్తిపండుకు పోతున్న ప్రాణం లేచొచ్చింది. చప్పున నన్ను కంటికి ఎత్తుకున్నాడు, నేను ఆ నవ్వును పట్టేశాను. ఆ పెళ్లి ఆల్బమ్‌లో మొదటి ఫొటో అదే. ఆ తర్వాత పెళ్లిళ్లకు కొదవ లేదు.

ఇప్పుడు ముసలిదాన్నయ్యాను. కొత్త కెమెరాలు తిరుగుతుంటే నేను స్టూడియో అలమరలో తీరిగ్గా కూర్చున్నాను. వచ్చినవాళ్లు నన్ను చూసి ఎక్కడిదని అడుగుతూనే ఉంటారు. మనుషులకు ఆ ఆరా లేనిదే తోచదు. సత్తిపండు మాత్రం తలెత్తి "థాయ్‌లాండ్‌దండి" అంటాడు. పుట్టింటి పేరు ఎవరైనా గట్టిగా పలికితే ఎంత హాయిగా ఉంటుందో!