మామగారు నమిలిన విల్లు

భీమశంకర్‌కు విలువిద్య పిచ్చి పట్టి ఏడాది దాటింది. అంతకు ముందు టెలిస్కోపు, దానికి ముందు పులిసిన పిండితో రొట్టెలు. అమెరికాలో, రెడ్‌మండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మగవాడికి నలభై దాటాక ఇలాంటిదేదో ఒకటి తగులుకుంటుంది. రొట్టెలైతే కనీసం తినొచ్చు. ఇప్పుడాయన గడ్డాల తెల్లవాళ్లు నడిపే ఒక విల్లుల క్లబ్బులో చేరాడు. అక్కడ కొన్న విల్లు పట్టుకొస్తే మొహం పక్కకు తిప్పుకుంటారు. కర్రను తానే అడవిలో వెతికి, తానే చెక్కి, తానే వంచినవాడికే మర్యాద.

ఆ మర్యాద కోసం తహతహలాడుతున్న భీమశంకర్ ఒక శనివారం తన పెరటి చివర, అడవి వచ్చి స్థలంలోకి చొరబడిన చోట, అంతవరకూ కన్నెత్తి చూడని ఒక చెట్టు ముందు ఆగిపోయాడు. ఫొటో తీసి, చెట్ల పేర్లు చెప్పే యాప్‌లో పెట్టాడు. అది ఒక వరస ఇచ్చింది. అన్నిటికన్నా పైన హెమ్లాక్, తర్వాత ఏవో ఫర్ జాతులు, అట్టడుగున యూ. విల్లుకు యూ కర్రను మించింది లేదని క్లబ్బులో పొద్దస్తమానం చెప్పుకునేదే.

"ర్యాంకింగ్ తప్పు. ఆఫీసులో నేను ఫిక్స్ చేసేది ఇలాంటివే," అనుకుని అట్టడుగుదాన్ని పైకెక్కించేశాడు. మా పెరట్లో యూ ఉంది, వచ్చే శనివారం రండి చూపిస్తానని క్లబ్బు గ్రూపులో పెట్టాడు. గడ్డాలన్నీ బొటనవేళ్లు ఎత్తాయి. అందరికన్నా పెద్ద గడ్డం ఆయన 'బ్రదర్' అని రాశాడు. ఆ ఒక్క మాటనే భార్య ఉమకు మళ్లీ మళ్లీ చదివి వినిపించాడు.

మర్నాడు పొద్దున్నే మామగారికి చెట్టు చూపించడానికి తీసుకెళ్లాడు. ఆంజనేయప్రసాద్ గారు ఒంగోలు వైపు కరెంటాఫీసులో రిటైరై, కొన్నాళ్లు కూతురి దగ్గర ఉందామని వచ్చారు.

"ఏం చెట్టు అల్లుడు గారూ ఇది?"

"యూ."

"నేనా?"

"మీరు కాదు మావయ్య గారూ. చెట్టు పేరే యూ."

"పేరు పెట్టినోడికి ఇంకేం దొరకలేదా? మరి ఈ కాయలేంది, చెక్కతో చేసినట్టుండాయి?" నేలంతా చిన్న చిన్న శంకుల్లాంటి కాయలు రాలి ఉన్నాయి. ఇక్కడ వాటిని కోన్లంటారు.

"అవి పక్క చెట్టువి. గాలికొచ్చి పడ్డాయి."

"కొమ్మకు కూడా వేలాడతా ఉండాయే?"

"గాలి గట్టిగా వీచింది."

పిల్లనిచ్చిన చోట అంతకు మించి ప్రశ్నించడం మామగారికి అలవాటు లేదు. ఒక లేత పుల్ల విరుచుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక వేపపుల్లతో తప్ప పళ్లు తోమని మనిషి. ఇక్కడి పుదీనా పేస్టుతో నోరు మొద్దుబారిందని వచ్చినప్పటి నుంచీ సణుగుతున్నారు. తీరిగ్గా నములుతూ, రసం మింగుతూ పెరడంతా తిరిగి వంటింట్లోకి వచ్చారు.

"పర్లేదమ్మా, కాస్త వగరు," అన్నారు ఉమతో.

"ఏంటి నాన్నా అది?"

"మీ ఆయన విల్లు."

ఉమ నవ్వి, ఊరికే చూద్దామని ఫోన్‌లో యూ అని కొట్టింది. ఆకు విషం, బెరడు విషం, గింజ విషం. గుండె ఆగిపోవచ్చు.

"నాన్నా, ఉమ్మెయ్!"

"మింగేశా గదా తల్లీ."

విషం మింగినవాళ్లకు సాయం చేసే నంబరు కలిపి స్పీకర్‌లో పెట్టింది ఉమ. నర్సు వయసడిగింది, ఎంత మింగారో అడిగింది. ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది. "అది యూ అని ఎవరు చెప్పారు?"

ఉమ అప్పుడే పెరట్లోంచి లోపలికొచ్చిన మొగుడి వైపు చూసింది. తెలియదు అన్న ఒక్క మాట చాలు. భీమశంకర్‌కు ఆ మాట పలికే అలవాటు లేదు.

"నేనే ఐడెంటిఫై చేశాను. నైంటీ పర్సెంట్ కాన్ఫిడెన్స్."

"ఏందంటాడమ్మా?"

"నువ్వు విషం తిన్నావని తొంభై శాతం నమ్మకమంట నాన్నా."

"అయితే మిగతా పదిలో నేను సర్దుకోవాల," అని మామగారు కుర్చీలో కూలబడి తన నాడి తానే పట్టుకున్నారు.

"ఆకు అడుగున తెల్లగీతలున్నాయా?" అంది నర్సు.

"ఉన్నాయి!" అంది ఉమ, నాన్న చేతిలోని పుల్లకు మిగిలిన ఆకు తిప్పి చూసి.

"దుమ్ము," అన్నాడు భీమశంకర్.

ఉమ చున్నీతో రుద్దింది. గీతలు చెక్కుచెదరలేదు.

"కొమ్మలకు కోన్లున్నాయా?"

"యెస్సు! యెస్సు!" అని మామగారు నాడి వదిలేసి లేచారు.

యూకి అలాంటివి కాయవని, ఫొటో పంపమని అంది నర్సు. చెట్లు తెలిసినవాళ్లకు చూపించి కాసేపటికి మళ్లీ లైన్లోకొచ్చింది. "ఇది హెమ్లాక్."

ఉమ కెవ్వుమంది. వెనకటికి గ్రీసులో ఎవరికో మరణశిక్ష వేసి తాగించిన విషం పేరు అదేనని బళ్లో చదువుకుంది. భీమశంకర్ మొహం వెలిగిపోయింది. "చూశావా? విషమే! నేను చెప్పలా?"

"అది వేరే మొక్క సార్, పేరొక్కటే కలిసింది," అంది నర్సు. "ఈ చెట్టు చిగుళ్లతో టీ కాచుకుంటారు. పెద్దాయనకేం కాదు."

ఉమ తండ్రిని పట్టుకుని ఏడ్చింది. భీమశంకర్ ఫోన్ దగ్గరికి జరిగాడు. "మేడమ్, ఒక్క డౌటు. యూలోనే ఏదైనా అరుదైన రకం అయ్యే ఛాన్స్ లేదా? కోన్లు కాసే రకం?"

"అలాంటిదే అయితే ఆయన్ని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అంబులెన్స్ పంపమంటారా?"

భీమశంకర్ ఆలోచించాడు. ఎంతోసేపు కాదు, ఒక గుటక వేసేంత సేపు. ఆ గుటక మాత్రం వంటింట్లో అందరికీ వినబడింది.

"వద్దని చెప్పండి అల్లుడు గారూ," అన్నారు మామగారు మెల్లగా.

ఉమ కళ్లు తుడుచుకుని, నర్సుకు థాంక్స్ చెప్పి పెట్టేసింది. మొగుడి ఫోన్ తెచ్చి, క్లబ్బు గ్రూపు తెరిచి, ఆయన చేతిలో పెట్టింది.

"రాయండి."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు."

భీమశంకర్ టైపు చేశాడు, చెరిపాడు, మళ్లీ చేశాడు. మామగారు రెండో దోసె తిని మూడోదానికి పళ్లెం చాపేసరికి మెసేజి వెళ్లింది. శనివారం ప్రోగ్రాం క్యాన్సిల్, క్షమించాలి, మా మామగారి ఆరోగ్యం బాగా దెబ్బతింది.