కారేపల్లి దగ్గర ఆగిన ఆదివారం

తల్లి పోయి పన్నెండు రోజులైనా హన్నా మేడం కంట నీటిచుక్క రాలేదు. అదే కోటేష్‌ను పీడిస్తోంది. ఏడ్చి మొత్తుకునే మనిషినైతే ఓదార్చవచ్చు. కడిగిన పళ్లేలే మళ్లీ కడుగుతూ, ఆరిన బట్టలే మళ్లీ ఉతుకుతూ తిరిగే మనిషిని ఏమని ఓదారుస్తాం?

వాళ్లది పోలెండు. బొగ్గు గనిలోకి కొత్తగా దింపిన యంత్రాన్ని నడపడం నేర్పడానికి మారెక్ సార్ పెళ్లాన్నీ పిల్లనూ వెంటబెట్టుకుని మణుగూరు వచ్చి రెండేళ్లయింది. కోటేష్ వాళ్ల కారు డ్రైవరు, అతని భార్య ప్రమీల వాళ్లింట్లో వంటమనిషి. ఎనిమిదేళ్ల ఓలా ప్రమీల కొంగు పట్టుకుని తిరిగి తిరిగి తెలుగు ఎంత నేర్చిందంటే, కూరగాయలామెతో "ఏందక్కా, గింత పిరమా?" అని బేరానికి దిగేది. తల్లిదండ్రులకు మాత్రం "నమస్కారం", "చాలు" తప్ప మూడో మాట రాదు. ఆ "చాలు" కూడా కూరలో కారం ఎక్కువైనప్పుడే బయటికొచ్చేది.

ఆదివారం వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరి కాలూ నిలిచేది కాదు. ఏడింటికల్లా ఫ్లాస్కు, మడత కుర్చీలు, సార్ కెమెరా కారెక్కాల్సిందే. కిన్నెరసాని చూశారు, పర్ణశాల చూశారు, లాంచీ ఎక్కి పాపికొండలూ చూశారు. నెలకో ఆదివారం ఖమ్మం పోయి, బేకరీలో బ్రెడ్డూ వెన్నా కొనుక్కుని, ఖిల్లా ఎక్కి దిగి, చీకటి పడేవేళకు ఇల్లు చేరేవాళ్లు.

ఆ ఖమ్మం దారిలోనే, కారేపల్లి దగ్గర, కోటేష్ వాళ్ల తండా మలుపు. రెండేళ్లలో ఇరవైసార్లు ఆ మలుపు ముందునుంచి పోయాడు గానీ ఒక్కసారైనా "సార్, మా ఊరు ఇదే" అనలేదు. తల్లి హేమ్లి పాతకాలపు మనిషి, అద్దాల రవికా మోచేతుల పైదాకా తెల్లగాజులూ వదలని మనిషి. ఆమెను చూస్తే సార్ కెమెరా తీస్తాడు, గుళ్లో శిల్పాన్ని తీసినట్టు తీస్తాడు. అది కోటేష్‌కు ఇష్టం లేదు. ఇంతవరకు పౌరుషం అనుకుందాం. దాని కింద ఉన్నది మాత్రం ఉత్త సిగ్గు. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకున్నాక తల్లిని పదిమందిలో చూపించడానికి మనసొప్పలేదు. తను తండాకు పోయి కూడా నాలుగు నెలలు దాటింది. "డ్యూటీ ఉంది యాడీ" అని ఫోన్లో అనేసేవాడు. లంబాడీ భాషలో అమ్మను యాడీ అంటారు.

ఈ ఆగస్టులో గోదావరి పొంగింది. దారులన్నీ తెగిపోయిన ఆ మూడు రోజుల్లోనే పోలెండు నుంచి కబురొచ్చింది, హన్నా తల్లి పోయిందని. నీళ్లు తీసి బండ్లు కదిలేసరికి అక్కడ మట్టి చెయ్యడం కూడా అయిపోయింది. "ఇక ఎందుకు?" అని హన్నా సర్దిన పెట్టె విప్పి బట్టలు బీరువాలో పెట్టేసింది. అప్పటినుంచీ ఈ కడగడాలు, ఉతకడాలు. తిండి లేదు, నిద్ర లేదు.

శనివారం సాయంత్రం మారెక్ సార్ వచ్చి కోటేష్ భుజం పట్టుకున్నాడు. "రేపు ఎక్కడికైనా తీసుకెళ్లు. ఖమ్మమైనా సరే" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ప్రమీల తడుముకోలేదు. "పోయేటప్పుడు అత్త కాడ ఆపు."

"ఎందుకు? యాడీ పట్టుకొని రాగం తీసి ఏడుస్తది. వాళ్లు బెదిరిపోతరు. నవ్వుతరు గూడ."

"నవ్వితే నవ్వనీ. నీ సొమ్మేం పోయింది?"

లంబాడీ ఆడవాళ్ల పద్ధతి అది. చావు జరిగిన ఇంటి మనిషి ఎదురైతే మాటలతో పరామర్శించరు. మెడ చుట్టూ చేతులు వేసి, తలకు తల ఆనించి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ రాగంతో ఏడుస్తారు. ఇద్దరి గుండెలూ తేలికయ్యేదాకా వదలరు. తండాలో అది మర్యాద. బయటివాళ్ల ముందు కోటేష్‌కు అదే తలవంపులు.

"నువ్వు నోరు మూస్కో" అన్నాడు. ప్రమీల నోరు మూసుకుంది. ఫోను మాత్రం అందుకుంది.

మర్నాడు కారు ఇల్లందు దాటింది. హన్నా కళ్లు కిటికీ మీదే ఉన్నాయి గానీ బయట ఏదీ చూడడం లేదు. తండా మలుపు వచ్చేసరికి నడిరోడ్డు మీద ఒక ముసలామె చెయ్యి చాచి నిలబడి ఉంది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. ప్రమీల పని పూర్తిచేసిందని కోటేష్‌కు అర్థమైంది. తల్లి మీదినుంచి తోలలేడు గదా, బ్రేకు వేశాడు.

"ఎవరు మామా గీ అవ్వ?" అంది ఓలా.

"మా అమ్మ."

"నీకు అమ్మ ఉన్నదా! మరి ఎన్నడు చెప్పకపోతివి?"

ఓలా ఆ ముక్క వెంటనే తల్లిదండ్రులకు చేరవేసింది. మర్యాద తెలిసిన మనుషులు, ముగ్గురూ దిగారు.

హేమ్లి కొడుకు వైపు కన్నెత్తయినా చూడలేదు. తిన్నగా హన్నా దగ్గరికి నడిచింది. ఆమె తల హన్నా భుజానికి కూడా అందదు. మునివేళ్ల మీద లేచి, మెడ చుట్టూ చేతులు వేసి, కిందికి వంచుకుని రాగం ఎత్తుకుంది.

హన్నా కొయ్యబారిపోయింది. ఆమె చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి. "యాడీ, ఇడువు. వాళ్లకు తెల్వదు" అంటూ కోటేష్ తల్లి భుజం పట్టి లాగబోయాడు.

హేమ్లి రాగం ఆపింది గానీ పట్టు వదల్లేదు. "వాళ్లమ్మ పేరేంది? అడుగు" అంది తమ భాషలో. "పేరు తెల్వకుంట ఎట్ల ఏడుస్తరు?"

పన్నెండు రోజులుగా మేడం గురించి బాధపడుతున్నాడే గానీ, ఆ పోయిన తల్లికి ఒక పేరుంటుందని కోటేష్‌కు తట్టనే లేదు. కాలనీ నుంచి పళ్లబుట్టలు పట్టుకొచ్చి పలకరించిన పెద్దమనుషుల్లో కూడా ఒక్కరూ అడగలేదు.

"మీ అమ్మమ్మ పేరేంది బిడ్డా? మీ అమ్మనే చెప్పుమను" అన్నాడు ఓలాతో.

ఓలా అడిగింది.

"స్టెఫానియా" అంది హన్నా.

అనగానే రోడ్డు పక్క గడ్డిలో కూలబడింది. హేమ్లి కూడా ఆమెతోపాటే కూర్చుని ఆ తలను రొమ్ముకు అదుముకుంది. మిగతా ఇద్దరూ చేరి గొంతు కలిపారు. నోరు తిరగక వాళ్ల పాటలో అది "తెఫానీ" అయింది. హన్నా తన భాషలో అమ్మను పిలుస్తూ, అమ్మకు ఏవేవో చెప్పుకుంటూ, పన్నెండు రోజుల ఏడుపూ ఏడ్చింది.

మారెక్ సార్ మెడలోని కెమెరా తీసి సీటు మీద పెట్టాడు. ఆపమంటావా అన్నట్టు కోటేష్‌ను చూశాడు.

"వద్దు సార్. ఏడవనియ్యండి" అన్నాడు కోటేష్. ఇందాక లాగబోయిన మనిషే ఇప్పుడు రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చే లారీలను అటువైపు నుంచి పొమ్మని చెయ్యి ఊపాడు.

"అవ్వ ఏమని పాడుతుంది మామా?"

"చెల్లే తెఫానీ, దారి మునిగి నీ బిడ్డ ఆగిపోయింది. పాణం మాత్రం నీ కాడికే వచ్చింది. కోపం చెయ్యకు చెల్లే అంటుంది."

ఓలా అది తల్లి చెవిలో చెప్పింది. లంబాడీ నుంచి తెలుగులోకి, తెలుగు నుంచి వాళ్ల భాషలోకి. నడుమ ఎంత ఒలికిపోయిందో ఏమో, చేరవలసింది చేరింది. హన్నా హేమ్లి నడుము చుట్టూ రెండు చేతులూ వేసింది.

గుండెలు తేలికపడ్డాక హేమ్లి ఇంటికి తీసుకుపోయి, చెంబుతో నీళ్లు తెచ్చి హన్నా ముఖం తనే కడిగింది. జొన్నరొట్టె, పచ్చిమిర్చి కారం పెట్టింది. అన్నాళ్లుగా మెతుకు ముట్టని మనిషి రెండు రొట్టెలు తిని మూడోదానికి చెయ్యి చాచింది. మారెక్ సార్ గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు.

బయలుదేరేముందు హేమ్లి నవ్వుతూనే హన్నాను అడిగింది. "బిడ్డా, రేపు నేను పోతే నువ్వొచ్చి నన్ను పేరు పెట్టి ఏడుస్తవా?"

కోటేష్‌కు ఆ మాట తెలుగులో పెట్టడానికి నోరు రాలేదు. ఓలా చొక్కా పట్టి గుంజితే చెప్పక తప్పలేదు. హన్నా ఏదో అంది. అది ఓలా నోట ఇలా వచ్చింది.

"పోయినంక వస్తనని అమ్మ మాట ఇయ్యదట. అమ్మమ్మ కాడికే పోలేకపాయె గదా. అవ్వ ఉన్నప్పుడే వస్తదట. ఆదివారం ఆదివారం వస్తదట."

కోటేష్ తల్లి వైపు తిరిగాడు. "నువ్వు ఉండంగనే వస్తదట యాడీ. ప్రతి ఆదివారం" అన్నాడు.

ఆ పూట హేమ్లి కొడుకు ముఖంలోకి చూడడం అదే మొదటిసారి.

"బండి తోలేటోడు గూడ దిగుతడా?" అంది.

"దిగుత యాడీ" అన్నాడు కోటేష్.